ల్యాబ్ సర్వర్‌ని ఒక్క ప్రోగ్రామ్ ముంచేయకుండా: ప్రాసెస్ పరిమితులపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ సర్వర్ చూసుకునేవాళ్లం రాసిన పేజీ ఇది. ఒకే సర్వర్‌లోకి అరవై మంది పిల్లలు ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యే చోట ఏ ప్రశ్నలు వస్తాయో అవే ఇందులో ఉన్నాయి. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు ల్యాబ్ అసిస్టెంట్లు కూడా ఇవే అడుగుతుంటారు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాం. కమాండ్లు, ఫైలు పేర్లు ల్యాబ్‌లో పలికినట్టే తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో కొట్టాలి.

సర్వర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. ఎవరైనా కావాలని చేస్తున్నారా?

చాలాసార్లు కాదు. ఓఎస్ ల్యాబ్‌లో ఫోర్క్ ప్రోగ్రామ్ చేయించే వారంలోనే ఈ గోల ఎక్కువ. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) తనలాంటి ఇంకో ప్రాసెస్‌ని పుట్టించే కాల్. ఫర్ లూప్‌లో ఫోర్క్ పెట్టి, మొత్తం ఎన్ని ప్రాసెస్‌లు వస్తాయో రాయమని రికార్డులో ఒక ప్రశ్న ఉంటుంది. లూప్ 3 సార్లు తిరిగితే 8. పది సార్లు తిరిగితే 1,024. ఇంకాస్త పెంచి చూద్దామని ఎవరో 20 కొడతారు. అది 10,48,576. ఎంటర్ నొక్కాక పక్కవాళ్లకి ప్రాంప్ట్ రాదు, కొట్టిన అక్షరం తెర మీద కనపడదు. నాలుగున్నరకల్లా సంతకం పెట్టించుకుని చంద్రగిరి బస్సెక్కాల్సిన పిల్లలకి టెన్షన్ మొదలవుతుంది.

రెండో రకం మెమరీ మింగే ప్రోగ్రామ్‌లు: లూప్‌లో మాలాక్ చేసి (మెమరీ అడిగి) ఫ్రీ చేయడం (తిరిగివ్వడం) మరిచినవి, పెద్ద సీఎస్‌వీ ఫైలు మొత్తాన్ని ఒకేసారి పైథాన్‌లోకి లాగేవి. ఇవీ తెలిసి చేసేవి కావు.

లెక్క తప్పడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో 1988 నవంబర్ 2న ఇంటర్నెట్ చూసింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన వర్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రామ్), ఒక యంత్రంలో తన కాపీ ముందే ఉందో లేదో అడిగేది. ఉందని జవాబొచ్చినా ఏడింటిలో ఒకసారి పట్టించుకోకుండా ఉండిపోయేలా అతను రాశాడు. ఆ ఒకటి బై ఏడు చాలు. కాపీలు పేరుకుపోయి యూనిక్స్ యంత్రాలు పనికి రాకుండా పోయాయి.

యూలిమిట్ అంటే ఏంటన్నా?

ఒక ప్రాసెస్ ఎంత వాడుకోవచ్చో కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ) దగ్గర ఒక పట్టిక ఉంటుంది. దాన్ని చూపించే, మార్చే షెల్ కమాండ్ యూలిమిట్. వెనక పని చేసేవి గెట్‌ఆర్‌లిమిట్, సెట్‌ఆర్‌లిమిట్ అనే సిస్టమ్ కాల్స్. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ నుంచి ఇవి ఉన్నాయి.

ఇది షెల్‌లోనే కలిసి ఉండే కమాండ్. విడిగా ఒక ప్రోగ్రామ్‌గా ఉంటే అది తన పరిమితి తాను మార్చుకుని చచ్చిపోయేది, మీ షెల్‌కి ఏమీ తగిలేది కాదు. షెల్ తన పరిమితి మార్చుకుంటే, అక్కడి నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రామ్‌కీ అదే వారసత్వంగా వస్తుంది. అందుకే ఒక టెర్మినల్‌లో పెట్టిన పరిమితి పక్క టెర్మినల్‌లో కనపడదు. "సార్, ఇందాకే పెట్టాను, పోయింది" అనే ఫిర్యాదుల్లో సగం ఇవే.

ఇప్పుడు ఏముందో చూడాలంటే యూలిమిట్ -ఏ. ఇప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కి ఏముందో చూడాలంటే /ప్రాక్/పీఐడీ/లిమిట్స్ ఫైలు చదవండి (పీఐడీ అంటే ఆ ప్రాసెస్ నంబర్). నడుస్తున్నదాని పరిమితి మార్చాలంటే పీఆర్‌లిమిట్ అనే వేరే కమాండ్ ఉంది.

సాఫ్ట్, హార్డ్ అని రెండెందుకు?

సాఫ్ట్ అంటే ఇప్పుడు అమల్లో ఉన్న హద్దు. హార్డ్ అంటే ఆ హద్దుని ఎంతదాకా పెంచుకోవచ్చో చెప్పేది. మామూలు యూజర్ సాఫ్ట్‌ని హార్డ్ దాకా పెంచుకోవచ్చు. హార్డ్‌ని తగ్గించుకోవచ్చు గానీ తిరిగి పెంచుకోలేడు. పెంచే అధికారం రూట్‌దే, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతాదే.

బ్యాష్‌లో ఒక తిరకాసు ఉంది. పెద్ద ఎస్ గానీ పెద్ద హెచ్ గానీ రాయకుండా ఉత్త యూలిమిట్ -టీ 10 అంటే రెండూ 10 అయిపోతాయి. ఆ సెషన్‌లో ఇక పెంచడం కుదరదు. ప్రయోగం చేసేటప్పుడు -ఎస్ అని పెద్ద అక్షరంతో రాయడం అలవాటు చేసుకోండి. చిన్న ఎస్ స్టాక్ సైజుకి సంబంధించింది.

ఉన్నవాటిలో ఏవి పట్టించుకోవాలి?

ల్యాబ్‌కి సంబంధించినంతవరకు అన్నిటికన్నా ముందు -యూ, అంటే ఒక యూజర్ పేరు మీద ఉండగల ప్రాసెస్‌ల సంఖ్య. ఫోర్క్ గోలకి నేరుగా అడ్డుపడేది ఇదొక్కటే. ఇక్కడ చెప్పే మిగతావన్నీ ఒక్కో ప్రాసెస్‌కి విడివిడిగా లెక్క. ఇది మాత్రం యూజర్ మొత్తానికి లెక్క.

తర్వాత -టీ, సీపీయూ సమయం, సెకన్లలో. గోడ మీద గడియారం సమయం కాదు. స్లీప్‌లో ఉన్న ప్రోగ్రామ్ గంటసేపు కూర్చున్నా ఇందులో సెకను కూడా ఖర్చవదు. సాఫ్ట్ హద్దు దాటితే సిగ్‌ఎక్స్‌సీపీయూ అనే సిగ్నల్ (ప్రాసెస్‌కి పంపే కబురు) వస్తుంది, హార్డ్ దాటితే సిగ్‌కిల్, అంటే చావే. గడియారం ప్రకారం ఆపాలంటే టైమౌట్ కమాండ్ వాడండి: టైమౌట్ 10 అని రాసి పక్కన ప్రోగ్రామ్ పేరు.

మెమరీకి -వీ. ఇది వాడిన మెమరీని కాదు, అడిగిన అడ్రస్ స్పేస్‌ని లెక్కిస్తుంది. సీ ప్రోగ్రామ్‌లకి బాగా పనిచేస్తుంది. జావా లాంటివి వాడకపోయినా ముందే పెద్ద స్థలం రిజర్వ్ చేసుకుంటాయి కాబట్టి, -వీ బిగిస్తే జావా అసలు మొదలే కాదు. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే -ఎం ఇప్పటి లైనక్స్‌లో ఏ ప్రభావమూ చూపదు. కమాండ్ తీసుకుంటుంది, ఎర్రర్ ఇవ్వదు, పని మాత్రం చేయదు.

-ఎన్ అంటే తెరిచి ఉంచగల ఫైళ్లు. సాఫ్ట్ సాధారణంగా 1,024. సాకెట్ ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో క్లోజ్ చేయడం మరిస్తే "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని తెలిసేది దీనివల్లే. -ఎఫ్ ఒక ఫైలు ఎంత పెద్దది కావచ్చో చెబుతుంది. చిన్న -ఎస్ స్టాక్, మామూలుగా 8 ఎంబీ. రికర్షన్‌కి ఆగే షరతు రాయకపోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చేది ఇక్కడే. దాన్ని అన్‌లిమిటెడ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. చేయకండి, తప్పు దాక్కుంటుందే గానీ పోదు.

ప్రాసెస్‌లు పదే కనిపిస్తున్నాయి, పరిమితి 50. అయినా "ఫోర్క్: రిసోర్స్ టెంపరరిలీ అన్‌అవైలబుల్" అంటోంది?

లైనక్స్‌లో ఆ లెక్కలోకి థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కన నడిచే పనులు) కూడా వస్తాయి. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే మామూలు పీఎస్ థ్రెడ్లు చూపించదు. పీఎస్ -ఎల్ -యూ అని పెద్ద ఎల్‌తో, పక్కన మీ యూజర్ పేరుతో కొట్టి చూడండి. ఎడిటర్‌ని రిమోట్‌గా కలిపి వాడేవాళ్లకి నోడ్ ప్రాసెస్‌లు, వాటి థ్రెడ్లు కలిపి పెద్ద సంఖ్యే ఉంటుంది. ఇంకో టెర్మినల్‌లో మీరే తెరిచి వదిలేసినవీ ఈ లెక్కలోవే. అందుకే 50 లాంటి పిసినారి అంకె పెట్టొద్దు. ల్యాబ్‌లో 300 పెడితే ఎవరి పనీ ఆగదు, అరవై మందీ ఒకేసారి హద్దు తాకినా 18,000 దాటదు.

పిల్లలకి ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోర్క్ విఫలమైతే -1 తిరిగొస్తుంది. దాన్ని చూసుకోకుండా, ఆ వేరియబుల్‌నే తర్వాత కిల్ కాల్‌కి ఇస్తారు. కిల్‌లో -1 అంటే "నేను సిగ్నల్ పంపగలిగిన ప్రతి ప్రాసెస్‌కీ" అని అర్థం. మీ ఎడిటర్, మీ ఎస్‌ఎస్‌హెచ్ సెషన్, సేవ్ చేయని పని అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. "సర్వర్ నన్ను బయటికి తోసేసింది" అని వచ్చినవాళ్ల కోడ్ తెరిస్తే ఫోర్క్ కింద ఇఫ్ ఉందా లేదా అనేదే మేం మొదట చూసేది.

అందరికీ ఒకేసారి ఎలా పెట్టాలి?

/ఈటీసీ/సెక్యూరిటీ/లిమిట్స్.కాన్ఫ్ ఫైల్లో. వరుసకి నాలుగు మాటలు: ఎవరికి, సాఫ్టా హార్డా, దేనికి, ఎంత. విద్యార్థులందరినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపు పేరు ముందు ఎట్ గుర్తు పెట్టండి:

@స్టూడెంట్స్ హార్డ్ ఎన్‌ప్రాక్ 300

@స్టూడెంట్స్ హార్డ్ ఎఫ్‌సైజ్ 2097152

మొదటి వరుస ప్రాసెస్‌ల సంఖ్యకి. రెండో వరుస ఫైలు సైజుని 2 జీబీ దగ్గర ఆపుతుంది, అంకె కేబీల్లో. యూలిమిట్‌లో సీపీయూ సమయం సెకన్లలో ఉంటే ఈ ఫైల్లో నిమిషాల్లో ఉంటుంది. ఎందుకని అడగకండి, ఉంది అంతే. 60 అని రాసి నిమిషం అనుకుంటే గంట ఇచ్చినట్టు.

ఈ ఫైలుని చదివేది పామ్ (లాగిన్ వ్యవహారం చూసే భాగం) మాడ్యూల్, అదీ లాగిన్ సమయంలో మాత్రమే. కాబట్టి మార్చాక అందరూ బయటికెళ్లి మళ్లీ లాగిన్ కావాలి. టీమక్స్‌లో పాత సెషన్ తెరిచి పెట్టుకున్నవాడికి పాత పరిమితే నడుస్తుంటుంది. స్టార్ గుర్తు పెడితే అందరికీ వర్తిస్తుంది గానీ రూట్‌కి వర్తించదు. లిమిట్స్.డీ అనే ఫోల్డర్ కూడా ఉంది, అందులోని ఫైళ్లు దీని తర్వాత చదవబడతాయి. మీ మార్పు పట్టకపోతే ముందు అక్కడ వెతకండి.

ఇది పెట్టేస్తే మెమరీ సంగతి కూడా తీరిపోయినట్టేనా?

తీరదు. సర్వర్ పెట్టేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. మెమరీ పరిమితి ఒక్కో ప్రాసెస్‌కి. ఒక్కోదానికి 1 జీబీ అని, మనిషికి 300 ప్రాసెస్‌లని పెడితే ఒక్క విద్యార్థికి 300 జీబీ దాకా దారి తెరిచినట్టే. కొండ మీద లడ్డూ కౌంటర్లో మనిషికి ఇన్ని అని నియమం పెట్టినా, ఒకే ఇంటి నుంచి ఇరవై మంది వరసలో నిలబడితే ఆ ఇంటికి ఎన్ని చేరతాయో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. లెక్క ఇంటికి కట్టాలి. అంటే ప్రోగ్రామ్‌కి కాదు, యూజర్‌కి.

ఆ పని సీగ్రూప్స్ చేస్తాయి, అంటే ప్రాసెస్‌లని గుంపులుగా కట్టి గుంపు మొత్తానికి హద్దు గీసే కెర్నెల్ సదుపాయం. 2006లో గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో లైనక్స్ 2.6.24తో కెర్నెల్‌లో చేరింది. రెండో వెర్షన్ 2016లో 4.5తో వచ్చింది. సిస్టమ్‌డీ (సర్వీసులని మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) ఉన్న ప్రతి సర్వర్‌లోనూ లాగిన్ అయిన ఒక్కో యూజర్‌కి ఒక స్లైస్, అంటే అతని ప్రాసెస్‌లన్నీ ఉండే సీగ్రూప్, ముందే తయారై ఉంటుంది. దానికి హద్దులు రాయడమే మిగిలింది. /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్ కింద యూజర్-.స్లైస్.డీ అనే ఫోల్డర్ చేసి, అందులో 50-ల్యాబ్.కాన్ఫ్ ఫైల్లో ఇలా రాయండి:

[స్లైస్]

టాస్క్స్‌మ్యాక్స్=400

మెమరీహై=1500ఎం

మెమరీమ్యాక్స్=2జీ

సీపీయూవెయిట్=100

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్. మెమరీహై దాటితే కెర్నెల్ ఆ యూజర్‌ని నెమ్మదింపజేస్తుంది. మెమరీమ్యాక్స్ దాటితే ఆ స్లైస్‌లోనే ఒకదాన్ని చంపుతుంది, పక్కవాళ్ల జోలికి పోదు. సీపీయూవెయిట్ అందరికీ సమానంగా ఉంటే, రద్దీలో 300 ప్రాసెస్‌లు తిప్పేవాడికీ ఒక్కటి తిప్పేవాడికీ స్లైస్ వాటా సమానమే. సీపీయూకోటా కూడా పెట్టొచ్చు గానీ మాకు నచ్చదు. సర్వర్ ఖాళీగా ఉన్నా పిల్లల ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది.

32 జీబీ సర్వర్‌లో అరవై మందికి 2 జీబీ చొప్పున అంటే 120 జీబీ కదా అని అడుగుతారు. అందరూ ఒకేసారి అంత వాడరు. అయినా ధీమా కోసం, యూజర్లందరి మీదా ఉండే యూజర్.స్లైస్‌కి మెమరీమ్యాక్స్ 28జీ పెట్టండి. ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు, డేటాబేస్ లాంటివి సిస్టమ్.స్లైస్‌లో ఉంటాయి కాబట్టి మిగిలిన 4 జీబీ వాటికి మిగులుతుంది.

యూజర్-.స్లైస్.డీ అనే ఆ ఫోల్డర్ పేరులో యూజర్ నంబర్ లేదు గనక హద్దు అడ్మిన్‌కి కూడా పడుతుంది. అడ్మిన్ స్లైస్‌కి వేరే ఫోల్డర్ చేసి, అందులో ఫైలు పేరు 90తో మొదలుపెట్టి వదులు చేసుకోండి. ఉబుంటు 22.04లో రెండో వెర్షన్ సీగ్రూప్సే డిఫాల్ట్. పాత సర్వర్‌లో మొదటి వెర్షన్ నడుస్తుంటే మెమరీహై పనిచేయదు.

డేటాబేస్‌కి ఓపెన్ ఫైల్స్ పెంచి లిమిట్స్.కాన్ఫ్‌లో రాశాం. పట్టలేదు.

పట్టదు. సర్వీసులు లాగిన్ కావు, పామ్ వాటి దారిలో లేదు. సర్వీస్ యూనిట్‌లో లిమిట్‌నోఫైల్ అని రాసి రీస్టార్ట్ చేయండి.

ప్రోగ్రామ్ మధ్యలో "కిల్డ్" అని వచ్చి ఆగిపోయింది. ఎవరు చంపారు?

వెంటనే ఎకో డాలర్ ప్రశ్నార్థకం కొట్టి ఎగ్జిట్ కోడ్ చూడండి. 128కి సిగ్నల్ నంబర్ కలిపితే వచ్చేది అదే. 137 అయితే సిగ్నల్ 9, సిగ్‌కిల్. 152 అయితే సీపీయూ సమయం అయిపోయింది. 153 అయితే ఫైలు సైజు దాటింది.

137 వచ్చి, మీరు గానీ అడ్మిన్ గానీ చంపలేదంటే అనుమానం ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌లని చంపే కెర్నెల్ భాగం) మీదికే పోవాలి. జర్నల్‌సీటీఎల్ -కే కొడితే కెర్నెల్ రాసిన వాంగ్మూలం ఉంటుంది: ఏ పీఐడీ, ఎంత మెమరీ, ఏ సీగ్రూప్. అందులో "మెమరీ సీగ్రూప్ ఔట్ ఆఫ్ మెమరీ" అని ఉంటే తప్పు ఆ సీగ్రూప్ హద్దుకే పరిమితం. ఉత్త "ఔట్ ఆఫ్ మెమరీ" అని ఉంటే సర్వర్ మొత్తానికే మెమరీ అయిపోయింది, మీ హద్దుల్లో ఎక్కడో కన్నం ఉంది. అప్పుడు కెర్నెల్ బలి ఇచ్చేది తప్పు చేసినవాడినే అని లేదు. ఎక్కువ మెమరీ పట్టుకుని బుద్ధిగా కూర్చున్న డేటాబేస్ కూడా పోవచ్చు. పోకూడని సర్వీసుకి ఓఓఎంస్కోర్‌అడ్జస్ట్ విలువ మైనస్‌లోకి దించుకోవచ్చు. -1000 అంటే దాన్ని ముట్టుకోవద్దని.

ఇప్పటికే ఇరుక్కుపోయింది. ఏం చేయాలి?

పవర్ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి ముందు.

ఎన్‌ప్రాక్ పెట్టి ఉంటే ఇరుక్కున్నది ఆ విద్యార్థే, సర్వర్ కాదు. అతనికి ఎల్‌ఎస్ కూడా నడవదు, ఎందుకంటే దానికీ ఫోర్క్ కావాలి. కిల్ మాత్రం బ్యాష్‌లోనే ఉంటుంది, ఫోర్క్ అక్కర్లేదు. ప్రాంప్ట్ ఇంకా ఉంటే కిల్ -9 -1 కొడితే చాలు. తన సెషన్‌తో సహా తన పేరు మీద ఉన్నవన్నీ పోతాయి, మళ్లీ లాగిన్ కావచ్చు. ఇదే కమాండ్ రూట్‌గా కొడితే సర్వర్‌లో ఇనిట్ (అన్నిటికన్నా ముందు పుట్టే ప్రాసెస్) తప్ప దాదాపు ఏమీ మిగలదు. ఎవరి ప్రాంప్ట్‌లో ఉన్నారో చూసుకుని కొట్టండి.

అడ్మిన్ వైపు నుంచి అయితే ఒక్కొక్కదాన్నీ వెతికి చంపడం దండగ. ఒకటి చావగానే ఖాళీ అయిన చోటులోకి ఇంకొకటి పుడుతుంది. ముందు ఆపాలి, తర్వాత చంపాలి. సుడో పీకిల్ -స్టాప్ -యూ, పక్కన ఆ యూజర్ పేరు. ఆగిపోయిన ప్రాసెస్ తన చోటు పట్టుకునే ఉంటుంది గానీ ఫోర్క్ చేయలేదు, కాబట్టి కొత్తవాటికి చోటుండదు. సంఖ్య పెరగడం ఆగేదాకా రెండు మూడుసార్లు కొట్టి, అప్పుడు -కిల్‌తో అదే కమాండ్. లైనక్స్ 5.14 నుంచి ఇంకా సులువు: ఆ యూజర్ సీగ్రూప్ ఫోల్డర్‌లో సీగ్రూప్.కిల్ అనే ఫైలుంటుంది, అందులో 1 రాస్తే ఆ గుంపంతా పోతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ కూడా రాకపోతే సర్వర్ ముందు కూర్చుని ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, ఎఫ్ కలిపి నొక్కితే ఓఓఎం కిల్లర్ చేతితో పిలిచినట్టు. ఉబుంటులో ఇది మామూలుగా పనిచేయదు. అక్కడ కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ విలువ 176. ప్రాసెస్‌లకి సిగ్నల్ పంపే 64 అందులో లేదు. అవసరం రాకముందే 240 చేసి పెట్టుకోండి.

నైస్ వాడితే సరిపోదా?

నైస్ కమాండ్ ప్రోగ్రామ్ సీపీయూ వంతుని వెనక్కి నెడుతుంది, హద్దు గీయదు. రాత్రంతా నడిచే సిమ్యులేషన్‌కి నైస్ 19 పెట్టడం మర్యాద. మెమరీ మింగేదానికి మాత్రం ఎంత నైస్ పెట్టినా అంతే మింగుతుంది.

జాంబీలని ఎందుకు చంపలేకపోతున్నాం?

అవి ముందే చచ్చాయి. పేరెంట్ వెయిట్ పిలవలేదు కాబట్టి పట్టికలో పేరు మాత్రం మిగిలింది. మెమరీ దాదాపు తినవు గానీ ఎన్‌ప్రాక్ లెక్కలో ఉంటాయి. పేరెంట్‌ని చంపితే ఇనిట్ వాటిని ఏరేస్తుంది.

డిస్క్ నిండిపోతే ఇవి ఆపుతాయా?

ఎఫ్‌సైజ్ ఒక్క ఫైలుకే హద్దు. దసరా సెలవులకి ఊరెళ్తూ నోహప్‌తో (లాగౌట్ అయినా నడిచేలా) వదిలిన ప్రోగ్రామ్ ప్రింట్‌ఎఫ్ చేసుకుంటూ పోతే, ఆ ఫైలు 2 జీబీ దగ్గర ఆగుతుంది. కొత్త కొత్త ఫైళ్లు తెరిచే ప్రోగ్రామ్ ఆగదు. దానికి ఫైల్‌సిస్టమ్ కోటా కావాలి, అది వేరే పని. /డెవ్/ఎస్‌హెచ్‌ఎం అనే షేర్డ్ మెమరీ ఫోల్డర్ డిస్క్ కాదు, మెమరీ. అందులో ఫైళ్లు పడేసేవాళ్లని యూలిమిట్ పట్టుకోదు, సీగ్రూప్ పట్టుకుంటుంది.

ఫ్రీబీఎస్‌డీ, మ్యాక్‌లలో?

యూలిమిట్ అన్నిచోట్లా ఉంది. ఫ్రీబీఎస్‌డీలో లాగిన్.కాన్ఫ్‌లో తరగతులుగా రాస్తారు, రాశాక క్యాప్_ఎంకేడీబీ నడపాలి. యూజర్ మొత్తానికి హద్దు కావాలంటే 9.0 నుంచి ఆర్‌సీటీఎల్ ఉంది. దానికి బూట్ సెట్టింగ్‌లో ర్యాక్ట్‌ని ఆన్ చేయాలి. ఓపెన్‌బీఎస్‌డీలోనూ లాగిన్.కాన్ఫే. సీగ్రూప్స్ మాత్రం లైనక్స్‌వే, మ్యాక్‌లో వెతకొద్దు.

నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఫోర్క్ బాంబ్ (ఫోర్క్ మీద ఫోర్క్ చేస్తూ పోయే ప్రోగ్రామ్) పరీక్షించి చూడాలని ఉంది. ఎలా?

యూలిమిట్ -యూ 50 పెట్టి చేద్దామనుకోకండి. డెస్క్‌టాప్, బ్రౌజర్ థ్రెడ్లతో మీ పేరు మీద ఇప్పటికే వందలు ఉంటాయి, కాబట్టి మొదటి కమాండే నడవదు. విడిగా ఒక చిన్న సీగ్రూప్‌లో షెల్ తెరుచుకోండి:

సిస్టమ్‌డీ-రన్ --యూజర్ --స్కోప్ -పీ టాస్క్స్‌మ్యాక్స్=30 -పీ మెమరీమ్యాక్స్=200ఎం -పీ మెమరీస్వాప్‌మ్యాక్స్=0 బ్యాష్

స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) సున్నా పెట్టకపోతే ప్రోగ్రామ్ చావకుండా డిస్క్ మీదికి జారుకుని ల్యాప్‌టాప్‌ని గీకుతూ కూర్చుంటుంది. ఈ షెల్‌లో రికార్డులోని ఫోర్క్ ప్రోగ్రామ్‌ని 20తో నడపండి, రూట్‌గా మాత్రం వద్దు. పక్క టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-సీజీటాప్ తెరిచి ఉంచితే ఆ స్కోప్ టాస్క్‌ల సంఖ్య 30 దగ్గర ఆగిపోవడం కనిపిస్తుంది. ఫోర్క్ ఎన్నిసార్లు -1 ఇచ్చిందో ప్రోగ్రామ్‌లోనే లెక్కించి ప్రింట్ చేయించండి. వైవాలో దాని మీద ప్రశ్న వస్తుంది.